బర్మింగ్‌హామ్‌లో పబ్ భోజనం: ఎక్కడికి, ఏ వేళకి వెళ్లాలి, ఏం అడగాలి

బర్మింగ్‌హామ్‌లో పబ్బులకు కొదవ లేదు. వెతుక్కోవాల్సింది వంటిల్లు బాగున్న పబ్బుని. బయట వేలాడే పూలకుండీలు, లోపల నగిషీ చెక్కపని, గోడ మీద పాత ఫొటోలు చూసి కూర్చున్నవాళ్లకి చాలాసార్లు దక్కేది ఫ్రీజర్‌లోంచి తీసి మైక్రోవేవ్‌లో తిప్పిన 'పై' (పిండి పొరల మధ్య మాంసమో కూరో పెట్టి కాల్చినది), పక్కన మెత్తబడిన చిప్స్, అంటే లావుగా కోసి వేయించిన బంగాళాదుంప ముక్కలు. అదే ఊళ్లో, ఫ్లైఓవర్ నీడలో ఉన్న మామూలు ఇటుక భవనంలో, నిప్పుల మీద కాల్చిన లాంబ్ చాప్స్ చుయ్యిమంటూ బల్ల మీదికి వస్తాయి. భవనాన్ని పక్కనపెట్టి వంటింటిని అంచనా వేయడం వచ్చిందంటే ఈ ఊళ్లో తిండికి ఢోకా లేదు.

ముందు అది ఏ రకం పబ్బో తేల్చుకోండి

కొన్ని పబ్బులు కేవలం తాగడానికే. వాటిలో వంటిల్లే ఉండదు. బార్ మీద గాజు మూత కింద కాబ్స్, అంటే గుండ్రటి బన్నులో చీజ్, ఉల్లిపాయ పెట్టినవి, పక్కన పోర్క్ స్క్రాచింగ్స్ (కరకరలాడేలా వేయించిన పంది చర్మం) ప్యాకెట్లు, అంతే. ఇలాంటి చోట భోజనం ఆశించి వెళ్తే నిరాశే. కానీ మంచి కాబ్‌ని చిన్నచూపు చూడకండి. ఆ పొద్దున చేసిన బన్ను, వేలెడు మందం చీజ్, కళ్లల్లో నీళ్లు తెప్పించే పచ్చి ఉల్లిపాయ, మూడు నాలుగు పౌండ్లలో ఒక పూట గడిచిపోతుంది.

సిటీ సెంటర్‌లో ఇంకో ముచ్చట ఉంది. బెనెట్స్ హిల్ మీది 'ది వెల్లింగ్టన్', న్యూ స్ట్రీట్‌లోని 'పోస్ట్ ఆఫీస్ వాల్ట్స్' బయటి తిండి తెచ్చుకుని తిననిచ్చే పద్ధతికి పేరుపడ్డాయి. ప్లేట్లు, ఫోర్కులు వాళ్లే ఇస్తారు, డ్రింక్ మాత్రం వాళ్ల దగ్గరే కొనాలి. వెళ్లేముందు ఒక ఫోన్ చేసి ఆ పద్ధతి ఇంకా నడుస్తోందో లేదో కనుక్కోండి.

రెండో రకం, పెద్ద కంపెనీలు నడిపే గొలుసు పబ్బులు. ఏ ఊళ్లోకెళ్లినా అదే మెనూ, అదే రుచి. వెదర్‌స్పూన్స్ లాంటి వాటిలో ధర తక్కువ, చాలా బ్రాంచీల్లో వంటిల్లు రాత్రి పొద్దుపోయేదాకా నడుస్తుంది. ఆకలి తీర్చుకోవడానికి ఇవి చాలు, పనిగట్టుకుని వెళ్లాల్సినవి మాత్రం కావు. మూడో రకం గ్యాస్ట్రోపబ్, అంటే రెస్టారెంటు వంట, పబ్బు బల్ల. నాలుగోది ఈ ఊరి సొత్తు, దేశీ పబ్. దాని గురించి కింద తీరిగ్గా చెప్పుకుందాం.

కిచెన్ వేళలు వేరు, పబ్బు వేళలు వేరు

కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. మ్యాప్‌లో "రాత్రి 11 వరకు" అని కనిపించేది బార్ వేళ. వంటిల్లు చాలాచోట్ల మధ్యాహ్నం 12 నుంచి రెండున్నర, మూడు దాకా, తర్వాత సాయంత్రం 5 లేదా 6 నుంచి 9 దాకా మాత్రమే. ఆదివారం మధ్యాహ్నం మొదలై 5 గంటలకే కట్టేసేవి ఉన్నాయి. సోమ, మంగళవారాల్లో కొన్నిచోట్ల పొయ్యే వెలిగించరు. కాబట్టి రాత్రి ఎనిమిదిన్నరకి బయల్దేరే ముందు ఫోన్ చేసి ఒక్క ముక్క అడగండి: "ఆర్ యూ స్టిల్ సర్వింగ్ ఫుడ్?" ఇంకో ముక్క కూడా: "లాస్ట్ ఫుడ్ ఆర్డర్ ఎన్నింటికి?" ఆ ఆఖరి పావుగంటలో ఆర్డర్ ఇస్తే వంటవాళ్లు అప్పటికే ఫ్రయ్యర్ కడిగే పనిలో ఉంటారు, ఆ తొందర మీ ప్లేటులో కనిపిస్తుంది.

శుభ్రత సంగతి కూడా ఇంట్లోంచే చూసుకోవచ్చు. ఫుడ్ స్టాండర్డ్స్ ఏజెన్సీ సైట్‌లో పబ్బు పేరు కొడితే 0 నుంచి 5 దాకా రేటింగ్ కనబడుతుంది. 5 అంటే చాలా బాగుందని. వేల్స్‌లో ఈ స్టిక్కర్ తలుపు మీద అంటించడం తప్పనిసరి, ఇంగ్లండ్‌లో కాదు. అందుకే బర్మింగ్‌హామ్‌లో స్టిక్కర్ కనబడకపోతే సైట్‌లో చూడటం మంచిది. ఈ అంకె శుభ్రతకే, రుచికి దాంతో సంబంధం లేదు.

మెనూని చదివే పద్ధతి

చిన్న వంటిల్లున్న పబ్బులో అరవై వంటకాలు రాసి ఉన్నాయంటే, వాటిలో ఎక్కువ భాగం ఎక్కడో ఫ్యాక్టరీలో తయారై వచ్చినవే. లసాన్యా, చికెన్ కోర్మా, నాచోస్, రిబ్స్, పై అన్నీ ఒకే ముగ్గురు మనుషులు పొద్దున్నుంచి చేయలేరు. పది పన్నెండు వంటకాల మెనూ, దాని పక్కన నల్లబల్ల మీద సుద్దతో రాసిన రెండు మూడు ప్రత్యేకాలు, అందులో ఒకటి అయిపోయి కొట్టేసి ఉండటం, ఇవన్నీ మంచి గుర్తులు. అయిపోయిందంటే ఆ రోజుకి చేసినంతే చేశారని. ఫిబ్రవరిలో వెళ్లినా జూలైలో వెళ్లినా అదే మెనూ కనిపిస్తే మాత్రం అనుమానించాల్సిందే.

అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు చాలంటారు. పబ్బులో ఆ మెతుకు చిప్. మొదటిసారి వెళ్లిన చోట ముందు ఒక గిన్నె చిప్స్ తెప్పించుకోండి. శ్రద్ధ ఉన్న వంటింట్లో బంగాళాదుంపని కోసి, ముందు 130 డిగ్రీల దగ్గర లోపల ఉడికేలా ఒకసారి, తర్వాత 180–190 దగ్గర పైన కరకరలాడేలా రెండోసారి వేయిస్తారు. ముక్కలు ఒకే కొలతలో ఉండవు, చివర్లు ముదురు రంగులో ఉంటాయి, విరిస్తే లోపలి నుంచి ఆవిరి వస్తుంది. అన్నీ అచ్చు పోసినట్టు ఉండి, లోపల పిండి ముద్దలా ఉంటే ఫ్రీజర్ సరుకు. వేళ్లకి నూనె కారుతుంటే ఫ్రయ్యర్ చాలినంత కాగలేదు, లేదా ఒకేసారి ఎక్కువ ముక్కలు పోసి నూనెని చల్లబరిచారు. అలాంటి చోట చేప ఆర్డర్ చేయకండి, అది కూడా అదే నూనెలోకి వెళ్తుంది.

దేశీ పబ్: ఈ ఊరి అసలు రుచి

బర్మింగ్‌హామ్‌కి ఆనుకుని పడమటి వైపున్న స్మెథ్‌విక్, వెస్ట్ బ్రామ్‌విచ్ ఊళ్లలోని ఇనుప పోత కర్మాగారాల్లో 1950ల నుంచి పంజాబీ కార్మికులు పనిచేశారు. కొలిమి ముందు దినమంతా చెమటోడ్చి వచ్చినవాళ్లని కొన్ని పబ్బులు లోపలి గదుల్లోకి రానిచ్చేవి కావు. ఇండియన్ వర్కర్స్ అసోసియేషన్ తరఫున అవతార్ సింగ్ జౌహల్ లాంటివాళ్లు చర్మం రంగు చూసి మనుషుల్ని వేరుచేసే ఆ పద్ధతి మీద పోరాడారు. 1965 ఫిబ్రవరిలో అమెరికా నల్లజాతి హక్కుల నాయకుడు మాల్కమ్ ఎక్స్ స్మెథ్‌విక్ వచ్చి ఆ పరిస్థితిని కళ్లారా చూశాడు. అదే ఏడాది వచ్చిన రేస్ రిలేషన్స్ చట్టంతో అలాంటి చోట్ల వివక్ష చట్టవిరుద్ధమైంది. ఆ తర్వాతి దశాబ్దాల్లో దక్షిణాసియా కుటుంబాలే ఒక్కో పబ్బు లైసెన్సు తీసుకుని, బార్ వెనక తందూరు పెట్టాయి. ఒకప్పుడు గుమ్మం దగ్గరే ఆపేసిన మనుషుల పిల్లలే ఇప్పుడు బార్ వెనక నిలబడి అందరికీ వడ్డిస్తున్నారు. ఆ ప్లేటు ముందు కూర్చునేటప్పుడు ఈ సంగతి తెలిసి ఉండటం న్యాయం.

వెతికేవాళ్లకి పేర్లు: వెస్ట్ బ్రామ్‌విచ్‌లో రోబక్ స్ట్రీట్ మీద 'ది వైన్', ఆల్ సెయింట్స్ వే మీద 'రెడ్ లయన్', స్మెథ్‌విక్‌లో 'రెడ్ కౌ', 'ఐవీ బుష్', సిటీ సెంటర్‌కి దగ్గరగా కాన్‌స్టిట్యూషన్ హిల్ మీద 'హెన్ అండ్ చికెన్స్'. చివరిదానికి సెయింట్ పాల్స్ ట్రామ్ స్టాప్ దగ్గర. రోబక్ స్ట్రీట్ పబ్బుకి వుల్వర్‌హాంప్టన్ వైపు వెళ్లే ట్రామ్ ఎక్కి హాథార్న్స్ గానీ, దాని తర్వాతి కెన్రిక్ పార్క్ గానీ దిగి నడవచ్చు. హాథార్న్స్ అంటే వెస్ట్ బ్రామ్‌విచ్ ఆల్బియన్ ఫుట్‌బాల్ మైదానం. మ్యాచ్ రోజున ఆ చుట్టుపక్కల బల్ల దొరకడం గగనం, కాబట్టి ముందు మ్యాచ్‌ల తేదీలు చూసుకోండి.

పేరుతో ఒక చిక్కు ఉంది. ఇక్కడ 'వైన్' అంటే ద్రాక్ష తీగ. తెలుగులో రాస్తే తాగే వైన్‌కీ దీనికీ తేడా కనబడదు, మ్యాప్‌లో ఇంగ్లిష్ స్పెల్లింగ్ (Vine) సరిగ్గా కొట్టండి. పైగా ఇదే పేరుతో బ్రయర్లీ హిల్‌లో ఇంకో ప్రసిద్ధమైన పబ్ ఉంది. అది బాథమ్స్ బ్రూవరీని ఆనుకుని ఉన్నది, బీరుకి పేరు. తందూరు కోసం బయల్దేరి అక్కడ తేలితే వెనక్కి రావడానికి బోలెడు సమయం పడుతుంది. 'రెడ్ లయన్' అయితే దేశమంతా ఉంది, కాబట్టి వీధి పేరు కూడా జోడించండి.

ఇక్కడ తినాల్సింది మిక్స్‌డ్ గ్రిల్. పేరు పాత ఇంగ్లిష్ పబ్బు వంటకానిదే. అప్పట్లో చాప్, సాసేజ్, కిడ్నీ, టొమాటో కాల్చి పెట్టేవారు. ఇప్పుడు అదే పేరుతో కాగిన ఇనుప పళ్లెం మీద చికెన్ టిక్కా, రెక్కలు, సీఖ్ కబాబ్, లాంబ్ చాప్స్ వస్తాయి. కింద చక్రాలుగా కోసిన ఉల్లిపాయ అంచులు నల్లబడుతూ ఉంటుంది, పైన నిమ్మచెక్క. ఎక్కువమంది చేసే పొరపాటు మనిషికొకటి ఆర్డర్ చేయడం. ఇది నలుగురూ పంచుకునే పళ్లెం. నలుగురికి ఇలా చెప్పండి: ఒక పెద్ద మిక్స్‌డ్ గ్రిల్, ఒక ఫిష్ పకోడా, ఎముకతో వండిన చికెన్ కర్రీ ఒకటి, నాలుగు నాన్‌లు. చాలకపోతే మళ్లీ అడగొచ్చు. పళ్లేల కొలతలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి కాబట్టి, "ఇది ఎంతమందికి సరిపోతుంది?" అని కౌంటర్‌లో అడగడానికి మొహమాటపడొద్దు.

నాన్‌లు రెండు విడతలుగా తెప్పించుకోండి. తందూరు నుంచి తీసిన నాన్ ఐదారు నిమిషాలు దాటితే తోలులా సాగుతుంది. నాలుగూ ఒకేసారి వస్తే చివరి రెండూ వృథా. అలాగే ఇనుప పళ్లెం వేడి తగ్గదు, దాని మీదున్న చికెన్ ఉడుకుతూనే ఉంటుంది. అందుకే ముందు టిక్కా ముక్కలు తీసి తినేయండి, చాప్స్‌లో కొవ్వు ఉంటుంది కాబట్టి అవి కాసేపు ఆగినా ఎండిపోవు. రద్దీ వేళ ముప్పావుగంట ఆలస్యమైనా కంగారుపడకండి. ఐదు నిమిషాల్లో చాప్స్ బల్ల మీదికి వచ్చాయంటే అవి ముందే కాల్చి పెట్టినవి.

కారం విషయానికొస్తే, మన గుంటూరు లెక్కలో ఇది మధ్యస్థమే. పంజాబీ వంట, అల్లం వెల్లుల్లి, కసూరీ మేతీ ముందుంటాయి. కారం కావాలంటే "దేశీ హాట్" అనండి, పక్కన పచ్చిమిరపకాయలు అడగండి. శాకాహారులకి పనీర్ టిక్కా, చిల్లీ పనీర్, మసాలా చిప్స్, దాల్ ఉంటాయి. అయితే పనీర్ కాల్చే ఊచలు, మాంసం కాల్చేవి ఒకటేనా అన్నది అడగాల్సిన ప్రశ్నే. హలాల్ కావాలనుకునేవాళ్లు కూడా ఊహించుకోకుండా ప్రతిచోటా అడగాలి. దేశీ పబ్ అన్నంత మాత్రాన అన్నీ హలాల్ కావు.

పై, చేప, ఆదివారపు రోస్ట్

పై కోసం సిటీ సెంటర్‌లో సెయింట్ ఫిలిప్స్ కెథెడ్రల్ ఎదుట, ఒకప్పటి బ్యాంకు భవనంలో ఉన్న 'ఓల్డ్ జాయింట్ స్టాక్' అందరికీ తెలిసిన చోటు. ఎక్కడ తిన్నా, పై అంటే అడుగు, గోడలు, మూత మూడూ పిండితో ఉండాలి. గిన్నెలో పులుసు పోసి పైన ఒక పేస్ట్రీ బిళ్ల పెట్టింది మూతున్న కూర మాత్రమే. కత్తి పెట్టినప్పుడు అడుగు భాగం విడిగా తెగాలి. అడుగు పచ్చిగా, జిగటగా ఉండి ఒకచోట నాలుక కాలేంత వేడి, ఇంకోచోట చల్లదనం ఉంటే మైక్రోవేవ్ చేసిన పనే.

చేపకి శుక్రవారం మంచిది, ఎక్కువ అమ్ముడవుతుంది కాబట్టి సరుకు తాజాగా ఉంటుంది. పై పొరకీ చేపకీ మధ్య బూడిదరంగు జిగురు కనబడితే నూనె కాగకముందే వేశారు, లేదా గడ్డకట్టిన చేప నీరు పూర్తిగా పోకముందే ముంచారు. బాగా వేగిన చేప ఫోర్క్ తగలగానే తెల్లటి రేకలుగా విడిపోతుంది.

సండే రోస్ట్ అంటే ఓవెన్‌లో కాల్చిన మాంసం, దుంపలు, గ్రేవీతో పెట్టే ఆదివారపు భోజనం. దానికి వేళే ప్రాణం. మాంసం పొద్దున్నే ఓవెన్‌లోకి వెళ్తుంది, మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి ఒకటిన్నర మధ్య మంచి స్థితిలో ఉంటుంది. నాలుగింటికి వెళ్తే వేడి దీపం కింద ఎండిన ముక్కలు, తోలు కట్టిన దుంపలు మిగులుతాయి. గురువారంలోపే బల్ల బుక్ చేయండి, ఫోన్‌లోనే "రోస్ట్ ఒక ప్లేటు పక్కన పెడతారా?" అని అడగండి, చాలాచోట్ల ఒప్పుకుంటారు. పక్కన వచ్చే యార్క్‌షైర్ పుడ్డింగ్ (పిండి, గుడ్డు, పాలు కలిపి ఓవెన్‌లో పొంగించినది) అంచులు కరకరలాడుతూ పైకి లేచి, మధ్యలో గుంట ఉండాలి, ఆ గుంట గ్రేవీకే. రోస్ట్ దుంపని కత్తితో కోస్తే చప్పుడు వినబడాలి. ధర సుమారు 17 నుంచి 24 పౌండ్లు.

బ్లాక్ కంట్రీ వైపు, అంటే డడ్లీ, నెదర్టన్ ప్రాంతాలకి వెళ్తే ఫాగట్స్ అండ్ పీస్ చూడండి. పంది కాలేయం, ఇతర లోపలి భాగాలు కొట్టి చేసిన ఉండలు, బఠాణీ ముద్ద, గ్రేవీ. గ్రే పీస్ అంటే రాత్రంతా నానబెట్టిన ముదురురంగు బఠాణీల్ని బేకన్‌తో ఉడికించినవి. నెదర్టన్‌లో 'మా పార్డోస్' అని అందరూ పిలిచే 'ఓల్డ్ స్వాన్' పబ్బుకి వెళ్తే ఒకసారి తలెత్తి పైకప్పు మీది ఎనామిల్ హంసని కూడా చూసి రండి.

బీఫ్, పోర్క్, గుడ్డు దాక్కునే చోట్లు

ఏది తినాలన్నది మీ ఇష్టం, తెలియక తినడం మాత్రం జరగకూడదు. మెనూలో ఉత్త 'మిన్స్' (కైమా) అని ఉంటే బీఫ్ అనే అనుకోండి. కాటేజ్ పై బీఫ్‌తో, షెపర్డ్స్ పై గొర్రె మాంసంతో. లసాన్యా, చిల్లీ కాన్ కార్నే మామూలుగా బీఫ్. గామన్, ఫాగట్, స్కాచ్ ఎగ్, బ్యాంగర్స్ అండ్ మాష్ పోర్క్. 'చికెన్ అండ్ లీక్ పై'లో బేకన్ గానీ హామ్ గానీ కలిసి ఉండటం మామూలే. సూయెట్ అని ఉంటే పశువుల కొవ్వు అని అర్థం, కూరగాయల సూయెట్ అయితే విడిగా రాస్తారు. రోస్ట్ దుంపల్ని, కొన్నిచోట్ల చిప్స్‌ని కూడా బీఫ్ డ్రిప్పింగ్‌లో, అంటే కరిగించిన బీఫ్ కొవ్వులో వేయిస్తారు. వూస్టర్ సాస్‌లో ఆంకోవీ చేప ఉంటుంది. సంప్రదాయ కాస్క్ (పీపా) బీరుని తేర్చడానికి కూడా చాలాకాలంగా చేప తిత్తి నుంచి తీసిన ఐసింగ్లాస్ వాడుతున్నారు, అది వద్దనుకుంటే వీగన్ (జంతువుల నుంచి వచ్చేవేవీ వాడని) బీరు ఏదో అడగండి.

ఇక్కడ 'వి' గుర్తున్న శాకాహారంలో గుడ్డు ఉండొచ్చు. గుడ్డు తిననివాళ్లు యార్క్‌షైర్ పుడ్డింగ్, చాలా డెజర్ట్‌లు, కొన్ని వెజ్ బర్గర్లు వదిలేసి, వీగన్ గుర్తున్నవి చూసుకోవడం మేలు. అడగాల్సిన ప్రశ్నలు మూడు: చిప్స్ ఏ నూనెలో వేయిస్తారు? చేప, మాంసం వేసే ఫ్రయ్యర్ అదేనా? గ్రేవీ దేనితో చేశారు? అలర్జీలున్నవాళ్లకి 14 రకాల పదార్థాల వివరాలు ఇవ్వడం చట్టప్రకారం వాళ్ల బాధ్యత.

ఆర్డర్, డబ్బు

లోపలికి వెళ్లి ఖాళీ బల్ల చూసుకోండి, దాని మీద నంబరు గుర్తుపెట్టుకోండి, బార్ దగ్గరికెళ్లి తిండీ డ్రింకూ కలిపి చెప్పి అక్కడే డబ్బు కట్టండి. బల్ల దగ్గర కూర్చుని ఎవరో వస్తారని ఎదురుచూస్తే చాలాచోట్ల ఎవరూ రారు. బార్ ముందు వరస లేనట్టు కనిపించినా ఎవరు ముందొచ్చారో అక్కడున్నవాళ్లకి తెలుసు. చెయ్యి ఊపడం, నోటు ఆడించడం మర్యాద కాదు. మద్యం తాగాల్సిన బలవంతం ఏమీ లేదు. మంచినీళ్లు అడిగితే ఉచితంగా ఇవ్వాల్సిందే, లైమ్ అండ్ సోడా చవక. తాగేవాళ్లు చిన్నవయసుగా కనిపిస్తే పాస్‌పోర్టో డ్రైవింగ్ లైసెన్సో అడుగుతారు. 18 నిండినా 25 కన్నా తక్కువగా కనబడితే అడగడం అక్కడి రివాజు.

బార్ దగ్గర చెప్పి డబ్బు కట్టే చోట టిప్ ఎవరూ ఆశించరు. బల్ల దగ్గరికే వచ్చి వడ్డించే చోట 10 లేదా 12.5 శాతం సర్వీస్ ఛార్జ్ బిల్లులో కలిపేస్తారేమో చూసుకోండి. అది ఐచ్ఛికం అని రాసి ఉంటే వద్దనే హక్కు మీకుంది.

తిండి చల్లగా వచ్చినా, కోడి పచ్చిగా ఉన్నా రెండు ముద్దలకే లేచి బార్ దగ్గర మెల్లిగా చెప్పండి. వెంటనే మార్చి ఇస్తారు. ప్లేటు ఖాళీ చేశాక చెబితే వినేవాళ్లు ఉండరు.

దేశీ పబ్బులో మిగిలిపోతే డబ్బా అడగండి, రేకు డబ్బాలో సర్ది ఇస్తారు. ఇంటికెళ్లాక గంట రెండు గంటల్లోపే ఫ్రిజ్‌లో పెట్టి రెండు రోజుల్లో తినేయండి. చాప్స్‌ని మూత పెట్టిన పెనం మీద సన్నటి మంటన పొగలు వచ్చేదాకా వేడిచేయాలి, మైక్రోవేవ్‌లో పెడితే గట్టిపడతాయి. నాన్ మీద నీళ్లు చిలకరించి అదే పెనం మీద అరనిమిషం తిప్పితే చాలు. నల్లబడిన ఆ ఉల్లిపాయ ముక్కల్ని పారేయకండి, చాప్స్ కొవ్వంతా పీల్చుకుని ఉంటాయి, వేడి అన్నంలోకి బాగుంటాయి.